లేన్ మార్చాల్సింది ఎప్పుడు? బెంగళూరు ఈత స్క్వాడ్‌లలో పిల్లల ఎదుగుదల

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరు ఈత కొలనులు సమ్మర్ క్యాంప్ పిల్లలతో కిటకిటలాడతాయి. జూన్‌లో బడులు తెరిచేసరికి చాలామంది మానేస్తారు. నీళ్లకు భయపడకుండా, చెప్పింది చెప్పినట్టు చేసిన కొద్దిమంది పిల్లల తల్లిదండ్రులను మాత్రం కోచ్ పక్కకు పిలిచి, స్క్వాడ్‌లో చేర్చమంటారు. అప్పటిదాకా సెలవుల కాలక్షేపంగా ఉన్న ఈత, తెల్లవారుజాము అలారంగా, స్టాప్‌వాచ్‌గా, మీట్‌లుగా (ఈత పోటీలుగా), పతకాలుగా మారుతుంది.

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం వైపు స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో తల్లిదండ్రులు చాలావరకు ఎంసెట్, జేఈఈ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లే. ఏ ఫలితం వచ్చినా ముందు ర్యాంకు చూడటం వాళ్లకు అలవాటు. కొలను దగ్గరా అదే జరుగుతుంది: రాష్ట్ర మీట్‌లో ఎన్నో స్థానం, పక్క లేన్ పిల్లవాడికంటే ఎన్ని సెకన్లు ముందు. పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఈ లెక్క చెప్పేది చాలా తక్కువ. పిల్ల నిజంగా ఎదుగుతోందా లేదా అన్నది రోజువారీ సెట్లలో (ఒకే దూరాన్ని కొద్ది విశ్రాంతితో పదేపదే ఈదడం), అలసట వచ్చాక స్ట్రోక్ ఎలా ఉందో చూస్తే తెలుస్తుంది. పై స్క్వాడ్‌కు, అంటే ఇంకా వేగంగా ఈదేవాళ్ల లేన్‌కు, పంపే నిర్ణయం దాని మీద ఆధారపడాలి తప్ప మీట్‌లో వచ్చిన టైమింగ్ మీద కాదు.

ఈ మాట బెంగళూరులో గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే ఇక్కడ పోటీ ఎక్కువ, ఆశ ఇంకా ఎక్కువ. బసవనగుడి అక్వాటిక్ సెంటర్, డాల్ఫిన్ అక్వాటిక్స్, నెట్టకల్లప్ప అక్వాటిక్ సెంటర్ లాంటి క్లబ్బులు ఉన్న ఊరిది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు నిషా మిల్లెట్, 2004లో ఏథెన్స్‌కు శిఖా టాండన్, ఆ తర్వాత టోక్యోకు శ్రీహరి నటరాజ్, పారిస్‌కు ధినిధి దేసింగు ఇక్కడి నుంచే వెళ్లారు. కొల్హాపూర్ కుర్రాడు వీర్‌ధవల్ ఖాడే ఇక్కడికొచ్చి కోచ్ నిహార్ అమీన్ దగ్గర తయారై, 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. 1986లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఈతలో మన దేశానికి ఆసియాడ్ పతకం దక్కడానికి 24 ఏళ్లు పట్టింది. ఇంతటి పేర్లు గోడల మీద కనిపించే చోట, పదేళ్ల పిల్ల పతకం తెస్తే తల్లిదండ్రులు ఒలింపిక్స్ దాకా ఊహించుకోవడంలో వింత లేదు.

అదే పేర్లను ఇంకో వైపు నుంచి చూడాలి. 2001 జనవరిలో పుట్టిన శ్రీహరి 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో ఒలింపిక్ ‘ఎ’ ప్రమాణాన్ని (నేరుగా అర్హత ఇచ్చే టైమింగ్‌ను) అందుకున్న 53.77 సెకన్ల ఈత 2021 జూన్‌లో, రోమ్ పోటీల్లో వచ్చింది. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. కొన్నేళ్లు బెంగళూరులోనే శిక్షణ పొందిన కేరళ ఈతగాడు సజన్ ప్రకాశ్ అదే పోటీల్లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ముగించి, ‘ఎ’ ప్రమాణం అందుకున్న తొలి భారతీయ ఈతగాడయ్యాడు. అప్పుడతని వయసు 27. పద్నాలుగేళ్లకే పారిస్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్ ఈదిన ధినిధి లాంటివాళ్లు చాలా అరుదు. ఆమె దారిని అందరి దారిగా లెక్కేసుకోవడం వల్ల మిగతా పిల్లలకు నష్టమే జరుగుతుంది.

నీరు అడిగే మూల్యం

మన ఊళ్లలో పాతతరం ఈత నేర్చుకున్నది మోటబావుల్లో, కాలువల్లో, నడుముకు బెండ్లు కట్టుకుని. తల పైకెత్తి, గట్టు చూసుకుంటూ ఈదేవాళ్లు. ప్రాణం కాపాడుకోవడానికి ఆ ఈత చాలు, ఎంతో గొప్పది కూడా. పోటీ ఈతలో మాత్రం తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. శరీరం నీటికి అడ్డుగా నిలుస్తుంది. వేగం పెరిగే కొద్దీ నీటి నిరోధం దాదాపు వేగం వర్గం చొప్పున పెరుగుతుంది. దాన్ని దాటడానికి కావాల్సిన శక్తి ఘనం చొప్పున పెరుగుతుంది. అంటే ఒక శాతం వేగం పెంచాలంటే సుమారు మూడు శాతం ఎక్కువ శక్తి పెట్టాలి. అంత బలం పన్నెండేళ్ల పిల్లలో ఇంకా తయారు కాదు. నిరోధం తగ్గించుకోవడం మాత్రం ఆ వయసులోనే సాధ్యం: తల నిలకడ, భుజాలు చెవులకు ఆనించి చేతులు చాపిన స్ట్రీమ్‌లైన్, గోడను తన్నాక నీటి అడుగున రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్‌లు.

నిబంధనల ప్రకారం ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో డైవ్ లేదా టర్న్ (గోడ దగ్గర వెనక్కి తిరగడం) తర్వాత 15 మీటర్ల లోపు తల నీటి పైకి రావాలి. పెద్దవాళ్లు ఆ దూరాన్ని దాదాపు మొత్తం వాడుకుంటారు. మన స్క్వాడ్ పిల్లల్లో చాలామంది గోడ తన్ని, రెండు మూడు మీటర్లకే ఊపిరి కోసం పైకి వచ్చేస్తారు. 25 మీటర్ల కొలనులో 100 మీటర్లు ఈదితే మూడు టర్న్‌లు. ఒక్కో టర్న్‌లో పోయే అర సెకను కలిపితే సెకనున్నర. కొత్తగా ఒక్క మీటరు కూడా ఎక్కువ ఈదకుండా, టర్న్‌లు సరిదిద్దుకుంటే తిరిగి వచ్చే సమయం అది.

ఇంట్లో లెక్కలు రాసుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 25 మీటర్ల కొలనులో వచ్చిన టైమింగ్‌నూ 50 మీటర్ల కొలనులో వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టకూడదు. పొడవు కొలనులో 100 మీటర్లకు టర్న్ ఒక్కటే కాబట్టి అక్కడ సమయం ఎక్కువే పడుతుంది. అపార్ట్‌మెంట్ కొలనుల పొడవు చాలావాటికి 25 మీటర్లు కూడా ఉండదు. అక్కడ చూసిన టైమింగ్‌తో దేన్నీ పోల్చలేం.

పన్నెండేళ్ల టైమింగ్‌లో ఎదుగుదల వాటా

అమ్మాయిలు సగటున పన్నెండేళ్ల దగ్గర, అబ్బాయిలు పద్నాలుగేళ్ల దగ్గర అతివేగంగా పొడవు పెరుగుతారు. ఇది సగటు మాత్రమే. ఒకే తరగతిలో ఒక అబ్బాయి పన్నెండుకే మీసకట్టుతో ఉంటాడు, ఇంకొకడు పదిహేనుకీ చిన్నపిల్లాడిలా ఉంటాడు. ఏజ్ గ్రూప్ రేసులో వీళ్లిద్దరూ పక్కపక్క లేన్లలో నిలబడతారు. చేయి పొడవు, అరచేయి, పాదం, కండరం అన్నీ ముందే వచ్చినవాడు గెలుస్తాడు. ఆ గెలుపులో శిక్షణ వాటా ఎంతో, ఎముకల వాటా ఎంతో ఆ పతకం చెప్పదు. పైగా వయసును సాధారణంగా ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి లెక్కిస్తారు కాబట్టి, జనవరిలో పుట్టిన పిల్ల డిసెంబర్‌లో పుట్టిన పిల్లకంటే దాదాపు ఏడాది పెద్దదై ఉండి కూడా అదే గ్రూపులో ఈదుతుంది.

తొందరగా ఎదిగిన పిల్లవాడికి దీనివల్ల వచ్చే చిక్కు బయటికి కనిపించదు. బలంతో గెలుస్తున్నన్నాళ్లు అతని మోచేయి కిందికి జారినా ఎవరూ పట్టించుకోరు. పదహారేళ్లకు తోటివాళ్లంతా అతని ఎత్తుకు వచ్చేస్తారు. అప్పుడు ఓటములు మొదలవుతాయి, పాత అలవాట్లు మార్చుకునే వయసు దాటిపోయి ఉంటుంది. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడి కష్టం వేరు. అతని స్ట్రోక్ చక్కగా ఉన్నా ఎన్ని మీట్‌లకు వెళ్లినా ఫైనల్ దక్కదు, ఎముకలు సాగే సమయం రాకముందే ఇంట్లో ‘వీడికి ఇది రాదులే’ అని తేల్చేస్తారు. స్క్వాడ్‌ల నుంచి బాధాకరంగా జారిపోయేది ఎక్కువగా ఈ రెండో రకం పిల్లలే. వాళ్లను పద్నాలుగు, పదిహేనేళ్ల దాకా నీళ్లలో ఉంచగలగడమే మంచి క్లబ్బు చేయగలిగే పెద్ద పని.

సెకన్ల లెక్క ఎంత మోసం చేస్తుందో వరల్డ్ అక్వాటిక్స్ పాయింట్ల పద్ధతి చూస్తే తెలుస్తుంది. బేస్ టైమ్‌ను ఈదిన టైమ్‌తో భాగించి, ఘనం చేసి, వెయ్యితో గుణిస్తారు. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌కు 2024 పారిస్‌లో పాన్ ఝాన్‌లె నెలకొల్పిన 46.40 సెకన్ల ప్రపంచ రికార్డును బేస్‌గా తీసుకుందాం. 1:20 నుంచి 1:18కి తగ్గిన పిల్లవాడి పాయింట్లు 195 నుంచి 210కి చేరతాయి. 1:05 నుంచి 1:03కి తగ్గినవాడివి 363 నుంచి 399కి చేరతాయి. ఇద్దరూ తగ్గించింది రెండు సెకన్లే, విలువ మాత్రం రెట్టింపుకు పైగా తేడా. అందుకే చిన్నతనంలో మీట్ మీట్‌కీ మూడేసి సెకన్లు తగ్గిన పిల్ల, పద్నాలుగేళ్లకు ఏడాదికి ఒక్క సెకను తగ్గిస్తే ఆమె వెనకబడిందనుకోవడం పొరపాటు. ఆ ఒక్క సెకనుకు పెట్టాల్సిన శ్రమ చాలా ఎక్కువ.

ఒక సెట్‌ను చదవడం

స్క్వాడ్ పిల్లల నోట తరచూ వినిపించే మాట ‘టెన్ హండ్రెడ్స్, ఆన్ టూ మినిట్స్’. అంటే వంద మీటర్లు పదిసార్లు. ప్రతి రెండు నిమిషాలకూ ఒకటి మొదలవ్వాలి. నిమిషం ముప్పై సెకన్లలో వచ్చినవాళ్లకు ముప్పై సెకన్ల విశ్రాంతి, నిమిషం యాభైలో వచ్చినవాళ్లకు పదే. పిల్ల ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష కోచ్ చేతిలో లేదు, దీనికి పతకమూ ఉండదు, సర్టిఫికెట్టూ ఉండదు.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. మొదటి పిల్ల తొలి వందను 1:25లో ముగించింది, 25 మీటర్లకు 19 స్ట్రోక్‌లు (చేతి విసుర్లు). ఐదోదానికి 1:33. పదోదానికి 1:42, స్ట్రోక్‌లు 24. రెండో పిల్ల తొలి వందను 1:31లో ముగించింది, 20 స్ట్రోక్‌లు; పదోది 1:32, స్ట్రోక్‌లు 21. మీట్‌లో ఇద్దరినీ వంద మీటర్లకు దింపితే మొదటి పిల్లే గెలుస్తుంది. పై లేన్‌కు పంపాల్సింది మాత్రం రెండో పిల్లను. మొదటి పిల్లకు వేగం ఉంది, దాన్ని నిలబెట్టే ఊపిరి, ఓపిక ఇంకా లేవు. ఆరో వంద దగ్గర్నుంచి ఆమె చెయ్యి నీటిని పట్టుకోవడం మానేసి జారిపోతోంది. ఆమెను పై లేన్‌లో వేసి ఇంటర్వెల్ (ఒక వంద మొదలుకీ తర్వాతి వంద మొదలుకీ మధ్య సమయం) నిమిషం యాభైకి కుదిస్తే, మూడో వంద నుంచే ఆ చెడిపోయిన స్ట్రోక్‌తో ఈదుతుంది. రోజూ ఎక్కువ దూరం ఏ స్ట్రోక్‌తో ఈదితే శరీరం దాన్నే నేర్చుకుంటుంది.

కోచ్‌లకు ఇది తెలియదని కాదు. లేన్‌కు ఎనిమిది, పది మంది ఉన్నప్పుడు స్ట్రోక్‌లు లెక్కపెట్టే తీరిక దొరకదు. అక్కడే పిల్లలకు నేర్పాలి: తమ స్ట్రోక్‌లు తామే లెక్కపెట్టుకోవడం, గోడ మీద పేస్ క్లాక్ (సెకన్లు చూపే పెద్ద గడియారం) చూసి తమ టైమ్ తామే చెప్పడం, ముందున్నవాళ్ల కాళ్లు పట్టుకోకుండా ఐదు సెకన్ల దూరం పాటించడం. ఇవన్నీ పదేళ్ల పిల్లలు చక్కగా చేయగలరు. మొదటి స్క్వాడ్‌లో ఇవి నేర్పిన చోట పై స్క్వాడ్ పని సగం తగ్గుతుంది.

దూరం సంగతికొస్తే, మొదటి మెట్టులో వారానికి మూడు, నాలుగు రోజులు, రోజుకు గంట, రెండు వేల మీటర్ల లోపు సరిపోతుంది. సీనియర్ స్క్వాడ్‌లలో ఉదయం, సాయంత్రం కలిపి వారానికి ఎనిమిది, తొమ్మిది సెషన్లు, ఒక్కోదాంట్లో ఐదు వేల మీటర్ల దాకా వెళ్తుంది. ఈ రెంటి మధ్య ఐదారేళ్ల ప్రయాణం ఉండాలి. దాన్ని రెండేళ్లలో పూర్తి చేయాలన్న తొందరకు ముందు మూల్యం చెల్లించేది భుజం. నాలుగు వేల మీటర్లంటే 25 మీటర్ల కొలనులో 160 పొడవులు. పొడవుకు 20 స్ట్రోక్‌ల చొప్పున 3,200. ఒక్కో భుజానికి రోజుకు 1,600 సార్లు. కాళ్లతో మాత్రమే ఈదే కిక్ సెట్లు తీసేసినా వారానికి వేలల్లోనే తేలుతుంది. పన్నెండేళ్ల పిల్ల భుజం ముందుభాగం నొక్కితే నొప్పి అంటే ‘అలవాటవుతుందిలే’ అనకూడదు. దూరం తగ్గించాలి, పాడిల్స్ (అరచేతులకు తొడిగే ప్లాస్టిక్ పలకలు) పక్కన పెట్టాలి, నొప్పి తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్‌కు చూపించాలి. పెద్ద పాడిల్స్‌ను ఆ వయసులో వాడించడం వల్ల లాభం స్వల్పం, ప్రమాదం ఎక్కువ.

ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై అనే నాలుగు రకాల స్ట్రోక్‌లూ ఈదించడానికి ఒక కారణం ఇదే. భారం ఒకే కీలు మీద పడదు. ఇంకో కారణం, పదకొండేళ్లకు ‘వీడు బ్రెస్ట్‌స్ట్రోక్ పిల్లాడు’ అని ముద్ర వేస్తే, పదహారేళ్లకు వచ్చే శరీరం దేనికి పనికొచ్చేదో ఎప్పటికీ తెలియకపోవచ్చు. నాలుగు స్ట్రోక్‌లూ వరసగా ఈదే 200 మీటర్ల ఇండివిడ్యువల్ మెడ్లీ, 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఆ వయసుకు మంచి ఈవెంట్లు. 50 మీటర్ల పతకాలు తొందరగా వస్తాయి కాబట్టి అందరూ వాటి వెంట పడతారు.

అమ్మాయిల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లలో దీని గురించి మాట్లాడేది తక్కువ. పదమూడు, పద్నాలుగేళ్ల దగ్గర చాలామంది అమ్మాయిల టైమింగ్ ఏడాదిపాటు కదలదు. నడుము వెడల్పవుతుంది, బరువు సర్దుకునే తీరు మారుతుంది, నీటిలో తేలే పద్ధతీ మారుతుంది. మారిన శరీరానికి స్ట్రోక్‌ను మళ్లీ సరిచేసుకోవాలి, దానికి సమయం కావాలి. సరిగ్గా అప్పుడే చుట్టాలు మాట్లాడతారు. సంక్రాంతికి ఊరెళ్తే ‘నల్లబడిపోయావేంటే’ అని ఒకరు, ‘భుజాలు మగపిల్లాడిలా అయిపోతున్నాయి, ఇక మాన్పించండి’ అని ఇంకొకరు. ఇవి తేలిగ్గా అన్న మాటలే, పిల్ల మాత్రం ఈత మానేయడానికి ఇవే కారణమవుతాయి. అమ్మ, నాన్న ఆ క్షణంలో పిల్ల పక్షాన నిలబడి నాలుగు మాటలు చెప్పడం కోచ్ చేయలేని పని.

నెలసరి రోజుల్లో నీళ్లలోకి దిగకూడదని ఐదు రోజులు ఆపేస్తే, నెలలో ఆరో వంతు శిక్షణ పోతుంది. టాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్ లాంటివి ఉన్నాయని, నొప్పి లేకపోతే ఈదవచ్చని, నొప్పి ఉంటే ఆ రోజు తేలిక సెట్ అడగవచ్చని పిల్లకు ముందే తెలియాలి. ఇది మాట్లాడటానికి క్లబ్బులో ఒక మహిళా కోచ్ ఉండటం చాలా అవసరం. ఎక్కువ శిక్షణలో ఉన్న అమ్మాయికి నెలసరి ఆగిపోతే దాన్ని సౌకర్యంగా భావించకూడదు. తింటున్నది ఖర్చయ్యే శక్తికి చాలడం లేదని అది చెబుతూ ఉండవచ్చు, డాక్టర్‌ను కలవాలి. ఎప్పుడూ నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.

తిండి, నిద్ర దగ్గర బెంగళూరు ట్రాఫిక్ అసలు కోచ్‌లా ప్రవర్తిస్తుంది. ఐదున్నరకు కొలనులో ఉండాలంటే నాలుగున్నరకు లేవాలి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర, అంతకంటే చిన్న బడిపిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. అంటే పదమూడేళ్ల పిల్ల రాత్రి ఎనిమిదిన్నరకు పడుకుంటేనే కనీసం దక్కుతుంది. సాయంత్రం ట్యూషన్, ఔటర్ రింగ్ రోడ్డు, హోంవర్క్ దాటుకుని ఎనిమిదిన్నరకు పడుకునే పిల్లలు ఎంతమంది? అది కుదరని ఇంట్లో వారానికి ఆరు ఉదయాలు కాకుండా మూడు ఉదయాలు, రెండు సాయంత్రాలు పెట్టుకోవడం మంచిది. నిద్ర చాలని శరీరం ఆరో సెషన్ నుంచి ఏమీ తీసుకోదు. ఈతకు ముందు అరటిపండు, అయ్యాక బడికి వెళ్లే దారిలో ఇడ్లీ, ఉడికించిన గుడ్డు లేదా రాగి జావ, మధ్యాహ్నం పప్పన్నం, పెరుగు ఉంటే చాలు. ప్రోటీన్ పౌడర్ డబ్బాల అవసరం పన్నెండేళ్ల పిల్లలకు లేదు.

డిసెంబర్, జనవరి ఉదయాల్లో ఇక్కడ చలి పదిహేను డిగ్రీల దగ్గరకు దిగుతుంది. పోటీ కొలనులో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. వేడి చేయని బయటి కొలనుల్లో చలికాలం అంత ఉండదు. సన్నని పిల్లలు వణుకుతూ ఈదితే స్ట్రోక్ నేర్చుకోరు, కొలను దాటడమే లక్ష్యమవుతుంది. ఆ రోజుల్లో నీళ్లలో సమయం తగ్గించి గట్టు మీద వ్యాయామం పెంచడం మేలు. నీటి ఎద్దడితో 2024 మార్చిలో బెంగళూరు జలమండలి కొలనులకు తాగునీరు వాడొద్దని ఆదేశించింది. అలాంటి నెలలు మళ్లీ వస్తాయి కాబట్టి గట్టు మీద చేయించే వ్యాయామానికి కూడా క్లబ్బు దగ్గర ఒక ప్రణాళిక ఉండాలి.

తెలుగు తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: కర్ణాటక జట్టులో చోటు దొరకడం కష్టం కదా, ఆంధ్ర లేదా తెలంగాణ తరఫున ఈదిస్తే నేషనల్స్‌కు తొందరగా వెళ్లొచ్చా? పిల్ల బెంగళూరులోనే చదువుతూ, ఇక్కడే ఈదుతుంటే, పన్నెండేళ్లప్పుడు రాష్ట్రం మార్చడం వల్ల ఆమె రోజూ ఈదే లేన్ మారదు. గట్టి పోటీలో ఎనిమిదో స్థానం రావడం, తేలిక పోటీలో మూడో స్థానం కంటే ఎక్కువ నేర్పుతుంది. పైగా రాష్ట్ర సంఘాల నమోదు, అనుమతుల కాగితాలు ఒక్కసారి మారిస్తే మళ్లీ తిరిగి రావడం అంత సులువు కాదు.

ఇక పదో తరగతి. ఎక్కువమంది స్క్వాడ్ వదిలేసేది ఈ ఏడాదే, అదీ చాలామంది శాశ్వతంగా. తొమ్మిదిలోనే జేఈఈ ఫౌండేషన్ మొదలవుతుంది, ఉదయం బ్యాచ్‌లు పోతాయి. పూర్తిగా మానేస్తే నీటి మీద పట్టు కొన్ని వారాల్లోనే జారిపోతుంది. అరచేతికి నీటి ఒత్తిడి తెలిసే ఆ స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున, టెక్నిక్ సెట్లు, కొంచెం ఏరోబిక్ ఈతతో దాన్ని కాపాడుకోవచ్చు. ఆ ఏడాది మీట్‌లు వద్దని కోచ్, ఇల్లు ముందే ఒప్పుకోవాలి, లేకపోతే ప్రతి మీట్‌కూ ఇంట్లో గొడవే. పరీక్షలు అయిపోయి ఏప్రిల్‌లో తిరిగి వచ్చినప్పుడు పాత లేన్‌లోనే, పాత ఇంటర్వెల్‌కు పది, పదిహేను సెకన్లు కలిపి మొదలుపెట్టాలి. వంద మీటర్లు పదిసార్లు ఈదే సెట్‌లో చివరి వంద స్ట్రోక్ సంఖ్య, మొదటి వంద సంఖ్యకు ఒకటి రెండు తేడాతో నిలబడ్డాక, అప్పుడు ఇంటర్వెల్ కుదించడం మొదలుపెట్టొచ్చు.